చూడని జంతువుకు పోలిక ఏది? కాగితపు డ్రాగన్ల మీద ఒక విమర్శ

కాగితంతో మడిచిన ఏనుగు బాగుందో లేదో చెప్పడానికి మనకు ఒక కొలబద్ద ఉంది. అది ఏనుగే. తొండం పొడవు, చెవుల వాలు, కాళ్ళ బరువు మనకు తెలుసు కాబట్టి, బొమ్మ ఎక్కడ తప్పిందో చిన్నపిల్లవాడు కూడా పట్టుకుంటాడు. డ్రాగన్ విషయంలో ఆ సౌకర్యం లేదు. డ్రాగన్‌ని ఎవరూ చూడలేదు. కిన్నెరనీ, గండభేరుండాన్నీ, కొమ్ములున్న దయ్యాన్నీ కూడా ఎవరూ చూడలేదు. అయినా ఇప్పటి ఓరిగామిలో అందరూ ఆశ్చర్యంతో చెప్పుకునే నిర్మాణాల్లో పెద్ద భాగం ఇలాంటి లేని జంతువులదే. పోల్చి చూడడానికి అసలు లేనప్పుడు, ఒక కాగితపు డ్రాగన్ మంచిదనీ మరొకటి కాదనీ దేన్నిబట్టి అంటాం?

ఓరిగామిని ఇష్టపడేవాళ్ళ మధ్య ఈ ప్రశ్నకు వాడుకలో ఉన్న జవాబు లెక్కల రూపంలో ఉంటుంది. ఎన్ని మెట్లు? ఎన్ని గంటలు? ఎంత పెద్ద కాగితం? ఎన్ని వేళ్ళు, ఎన్ని పొలుసులు? ఈ లెక్కలు కష్టాన్ని కొలుస్తాయి, బొమ్మను కొలవవు. కష్టాన్నే విలువగా పొరబడితే ఈ కళ సర్కసు విద్యల జాబితాలో చేరిపోతుందన్నది నా అభిప్రాయం. దీనికి బదులు వేరే కొలబద్ద ఒకటి కాగితంలోనే ఉంది. దాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నియమం ఎప్పటిది?

ఒకే చదరపు కాగితం, కోత లేదు, జిగురు లేదు. ఓరిగామి అనగానే ఈ నియమం అనాదిగా ఉన్నట్టు మాట్లాడుతాం. నిజానికి కాదు. 1797లో క్యోటోలో అచ్చయిన ‘హిదెన్ సెంబజురు ఒరికత’ అనే పుస్తకంలో ఒకదానికొకటి అతుక్కుని ఉండే కొంగలను మడిచే పద్ధతులు 49 ఉన్నాయి. వాటికి కాగితాన్ని కత్తిరించక తప్పదు. పాత జపాన్‌లో కోత దోషం కాదు. కత్తెరను పూర్తిగా వెలివేయడం ప్రధానంగా ఇరవయ్యవ శతాబ్దంలో బలపడిన పట్టుదల. అంటే అది ప్రకృతి విధించినది కాదు. యతిప్రాసల్లాగా కళాకారులు కోరి తెచ్చుకున్న నిర్బంధం. అలా తెచ్చుకున్న నిర్బంధం ఏం సాధించిపెట్టిందని అడిగే హక్కు పాఠకుడికి ఉన్నట్టే ప్రేక్షకుడికీ ఉంటుంది.

ఆధునిక ఓరిగామికి పితామహుడనదగిన అకిరా యోషిజావా (1911–2005) జీవితంలో ఈ ప్రశ్న మొదట్లోనే ఎదురయింది. ఇనుప కర్మాగారంలో పనిచేసి, అక్కడి కుర్రవాళ్ళకు రేఖాగణితం నేర్పడానికి కాగితం మడతలను వాడిన మనిషి ఆయన. పేదరికంలో ఏళ్ళు గడిపాక, ‘అసాహి గ్రాఫ్’ అనే పత్రిక 1952 జనవరి సంచిక కోసం పన్నెండు రాశి జంతువులను మడవమని అడగడంతో ఆయన పేరు దేశమంతా తెలిసింది. ఆ పన్నెండింటిలో ఎలుక, ఎద్దు, పులి, కుందేలు వగైరా పదకొండు మనం చూసినవే. మిగిలిన ఒక్కటి డ్రాగన్. జంతువుల కదలికను శ్రద్ధగా గమనించి, కాగితాన్ని కొద్దిగా తడిపి మెత్తని వంపులు తీసుకురావడం యోషిజావా ప్రత్యేకత. అలాంటి కళాకారుడు కూడా పన్నెండో జంతువు దగ్గరికి వచ్చేసరికి గమనించడానికి ఏమీ లేని చోట నిలబడ్డాడు.

కొసల పద్దు

లేని జంతువును కాగితం నుంచి రాబట్టడం ఎందుకు అంత కష్టమో తెలియాలంటే కొంచెం లెక్క చూడక తప్పదు.

రాతిశిల్పి తీసివేస్తాడు. కుమ్మరి చేరుస్తాడు. కాగితం మడిచేవాడికి రెండూ లేవు. చేతిలో ఉన్న చదరం వైశాల్యం పెరగదు, తరగదు. జంతువుకు కావలసిన ప్రతి కొస, అంటే కాలు, తోక, కొమ్ము, రెక్క, అన్నీ ఆ చదరంలోంచే రావాలి. అమెరికాలో లేజర్ల మీద పనిచేసిన భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ లాంగ్, జపాన్‌లో తొషియుకి మెగురో, ఈ పంపకానికి ఒక గణితాన్ని రూపొందించారు. ఫలానా పొడవున్న కొస కావాలంటే, ఆ పొడవే వ్యాసార్ధంగా ఉన్న వృత్తం అంత కాగితాన్ని దానికి కేటాయించాలి. ఒకరి వృత్తం మరొకరి వృత్తం మీద పడకూడదు. అయితే కొస మొన చదరం మూలలో ఉంటే వృత్తంలో నాలుగో వంతు చాలు. అంచు మీద ఉంటే సగం కావాలి. కాగితం నడుమ ఉంటే పూర్తి వృత్తం ఖర్చవుతుంది.

అందరికీ తెలిసిన కొంగనే తీసుకోండి. దాని తల, తోక, రెండు రెక్కలు చదరం నాలుగు మూలల నుంచి వస్తాయి. పది అంగుళాల కాగితమైతే ఒక్కొక్క కొసకు ఐదు అంగుళాల నిడివి. నడుమ మిగిలిన జాగాలో రెండంగుళాలకు కాస్త పైబడిన వ్యాసార్ధంతో మరొక వృత్తం పడుతుంది. కొంగ వీపు మీది మూపురం అదే. నాలుగు చవక మూలలకు నాలుగు అవయవాలు. ఎక్కడా వృథా లేదు. శతాబ్దాలుగా ఆ కొంగ నిలబడిందంటే ఆ పొదుపే ఒక కారణం.

ఇప్పుడు పాశ్చాత్యుల డ్రాగన్‌ని చూడండి. తల, తోక, నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు: మొత్తం ఎనిమిది పెద్ద కొసలు. మూలలు నాలుగే. తక్కినవి అంచుల నుంచో నడుమ నుంచో ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాలి. ఆ పైన కొమ్ములు, దవడ, గోళ్ళు. ఏ గోరు పొడిగించినా రెక్క ఆ మేరకు కుదించుకుపోతుంది. అంటే కాగితపు డ్రాగన్ అవయవాల జాబితా కాదు. అది ఒక కుటుంబం బడ్జెటు. ఏ అవయవానికి ఎంత ఇవ్వాలో తేల్చుకున్న తీరులోనే ఆ జంతువు మీద దాన్ని చేసినవాడి ఆలోచన బయటపడుతుంది. నేనన్న కొలబద్ద ఇదే. అన్ని భాగాలూ ఒకే మూలధనం నుంచి పంచుకున్న సంగతి బొమ్మను చూస్తే తెలుస్తోందా? ఆ పంపకం ఒక ప్రాణినిచ్చిందా, లేక భాగాల పోగుని మిగిల్చిందా?

పిండం చెప్పే పాఠం

వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళకు ఈ ఆలోచన కొత్తగా తోచదు. మన శరీరం కూడా మడతలతోనే మొదలవుతుంది. గర్భంలో మూడో వారానికి పిండం మూడు పొరల చదునైన పళ్ళెం. వీపు వైపున్న పొరలో గాడి పడి, దాని అంచులు పైకి లేచి కలుసుకుని గొట్టమవుతాయి. నాలుగో వారం ముగిసేసరికి ఆ గొట్టం రెండు చివరలా మూసుకోవాలి. మెదడు, వెన్నుపాము అందులోంచే వస్తాయి. అదే వారంలో పళ్ళెం పక్కలు కిందికి ముడుచుకుని పొట్ట గోడ అవుతుంది. ఆ మడత ఒకచోట పూర్తికాకపోతే ఏమవుతుందో, వెన్ను చీలికతో పుట్టిన బిడ్డను చూసిన వైద్యులెవరూ మరచిపోలేరు.

పోలికను మరీ సాగదీయకూడదు. పిండం పెరుగుతుంది, కాగితం పెరగదు. కానీ ఒక విషయంలో రెండూ ఒకటే. అవయవాలను వేరే చోట తయారుచేసి తెచ్చి అతికించడం ఉండదు. చేతికీ ఛాతీకీ మధ్య సరిహద్దు రేఖ గీయలేం, ఎందుకంటే రెండూ ఒకే పొర కొనసాగింపు. అందుకే వెన్నెముక ఉన్న జంతువుల్లో రెక్కలంటే ముందుకాళ్ళే. పక్షికీ గబ్బిలానికీ ముందుకాళ్ళే రెక్కలయ్యాయి. నాలుగు కాళ్ళుండి, ఆపైన రెక్కలు కూడా ఉన్న డ్రాగన్‌కి ఆ రెక్కలు మొలవడానికి భుజం లేదు. శరీరశాస్త్రం ప్రకారం అది జరిగే పని కాదు. కాగితానికి మాత్రం అది మరో రెండు వృత్తాల ఖర్చు, అంతే. ఎముకలు అనుమతించని జంతువును కాగితం అనుమతించింది కదా అని రెక్కలను వీపు మీద ఎక్కడో మొలిపిస్తే, చూసేవాడి కన్ను వెంటనే పట్టేస్తుంది. లేని భుజాన్ని ఉన్నట్టు నమ్మించగలగడమే డ్రాగన్ చేసేవాడి అసలు పని. అసలు జంతువు లేదు కనుక పోలిక అవసరం లేదనుకోవడం సరికాదు. పోల్చవలసినది మరొక జంతువుతో కాదు, ప్రాణం ఉన్న శరీరం పాటించే పొందికతో.

మూడు నిర్మాణాలు

ఈ కొలబద్దతో మూడు ప్రసిద్ధ నిర్మాణాలను చూద్దాం.

మొదటిది జున్ మాయెకవా చేసిన దయ్యం. 1983లో వచ్చిన ‘వీవా! ఓరిగామి’ పుస్తకంతో అది లోకానికి తెలిసింది. ఒకే చదరం, కోత లేదు. రెక్కలు, తోక, నోరు, రెండు చేతులకూ ఐదేసి వేళ్ళు. అప్పటిదాకా మడుస్తూ మడుస్తూ తడుముకుని బొమ్మను కనుక్కోవడమే ఎక్కువ. మాయెకవా ముందుగా మడతల పటాన్ని రచించి, తరువాత బొమ్మను మడిచారు. ఆయన పేరుతో ఒక సూత్రం కూడా ఉంది: చదునుగా మడిచిన కాగితంలో, అంచుల మీద కాకుండా లోపల ఉన్న ఏ బిందువు దగ్గరైనా, మిట్ట మడతల సంఖ్యకూ పల్లపు మడతల సంఖ్యకూ తేడా సరిగ్గా 2. ఈ దయ్యం గొప్పతనం వేళ్ళ సంఖ్యలో లేదు. పటాన్ని విప్పి చూస్తే కొద్ది రకాల త్రిభుజాలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. కొమ్మును ఇచ్చిన జ్యామితే వేలినీ ఇచ్చింది. ఆ కోణాల బంధుత్వమే దయ్యానికి ఒక కరుకైన, ఎండిన, అల్లరి స్వభావాన్ని ఇచ్చింది. నియమం పైకి కనిపిస్తూనే స్వభావంగా మారింది.

రెండవది సతోషి కమియా చేసిన ‘ర్యూజిన్ 3.5’. జపాన్ భాషలో ఆ మాటకు నాగదేవత, డ్రాగన్ దేవుడు అని అర్థం. 1981లో పుట్టిన కమియా అంతకుముందే ‘ఏన్షెంట్ డ్రాగన్’ వంటి రెక్కల జంతువులతో పేరు తెచ్చుకున్నారు. రెండువందలకు పైగా మెట్లున్న ఆ డ్రాగన్ మడిచే విధానం 2005లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. ర్యూజిన్ తూర్పుదేశాల డ్రాగన్. రెక్కలు లేవు. పాములాంటి సుదీర్ఘ దేహం, మీసాలు, కొమ్ములు, గోళ్ళు, దేహమంతటా పరుచుకున్న పొలుసులు. అన్నీ ఒకే చదరంలోంచి. దీని గురించి మాట్లాడేవాళ్ళందరూ పొలుసుల లెక్క దగ్గర ఆగిపోతారు. పొలుసులు లెక్కకు రాకూడదనను. కానీ అవి అక్కడ ఏం చేస్తున్నాయో చూడాలి. చీర కుచ్చిళ్ళలాగా వరసలుగా పడిన ఆ మడతలు ఒకదాని మీద ఒకటి జారగలవు. అందువల్లే ఆ దేహం చుట్టలు తిరగగలుగుతోంది. చేప పొలుసులు వంగడానికి వీలిచ్చినట్టు, ఇక్కడ పొలుసు అలంకారం కాదు, కీలు. ఆ వంపు వల్లే ర్యూజిన్ నాకు గొప్ప నిర్మాణమనిపిస్తుంది. దాన్ని చూసి ఉత్సాహపడి, ఏ జంతువుకైనా ఒంటినిండా పొలుసులు తొడిగే అనుకరణల్లో లోపించేది కూడా ఇదే. వాటిలో పొలుసులు వంగవు, కేవలం లెక్కకు వస్తాయి.

మూడవది ఫ్రాన్స్ దేశస్థుడు ఎరిక్ జొయిసెల్ (1956–2010) చేసిన మరుగుజ్జులు, ఇటలీ వీధినాటకాల పాత్రలు, టోల్కీన్ కథల మనుషులు. జొయిసెల్ మొదట శిల్పి. ఆయన బొమ్మల పటం ఆయన బొమ్మను పూర్తిగా చెప్పదు. పటం శరీర విభజన వరకే తీసుకువెళుతుంది. ఆ పైన తడి కాగితాన్ని వేళ్ళతో నొక్కి, సాగదీసి, ముక్కు, బుగ్గ, కనురెప్ప తీసుకొచ్చారు. ఒకే పటం నుంచి వచ్చిన ఇద్దరు మరుగుజ్జుల ముఖాల్లో ఒకడు నవ్వుతాడు, మరొకడు సణుగుతాడు. ఇక్కడ నియమం కంటికి కనిపించదు. ఇది కాగితమేనా అన్న అనుమానం వస్తుంది. కొందరు శుద్ధవాదులకు అది దోషం. నా దృష్టిలో దోషం కాదు గాని, మూల్యం మాత్రం ఉంది. మాయెకవా దయ్యాన్ని ఈ వ్యాసం చదివే ఎవరైనా ఓపిక ఉంటే మడవవచ్చు. జొయిసెల్ మరుగుజ్జు జొయిసెల్‌తోనే పోయాడు.

ఈ చివరి మాట ఒక పెద్ద తగాదాకు దారి తీస్తుంది. అసలు ‘కృతి’ ఏది? పటమా, మడిచిన బొమ్మా? 2011లో రాబర్ట్ లాంగ్‌తో సహా ఆరుగురు ఓరిగామి కళాకారులు సారా మోరిస్ అనే చిత్రకారిణి మీద అమెరికా న్యాయస్థానంలో దావా వేశారు. తమ మడతల పటాలను ఆమె అనుమతి లేకుండా రంగులద్ది వర్ణచిత్రాలుగా ప్రదర్శించిందన్నది ఆరోపణ. అది చివరికి రాజీతో ముగిసింది. న్యాయం సంగతి అలా ఉంచితే, విమర్శకు సంబంధించినంతవరకు నా మాట ఇది: పటం రాగతాళాలు రాసుకున్న కాగితం వంటిది. కచేరీ వేరు. ర్యూజిన్ పటాన్ని ఎంత కచ్చితంగా అనుసరించినా, ఆ మెడ వంపు మడిచినవాడి సొంతం.

చిత్రకవిత్వం: ఒక పాత తగవు

నిర్బంధం గొప్పదా, ప్రాణం గొప్పదా అన్న తగవు మనకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మగా నిలబెట్టి, శబ్దచమత్కారం మీదే బతికే చిత్రకావ్యాన్ని కావ్యానికి నకలుగా తీసిపారేశాడు. తరువాత మమ్మటుడు దాన్ని మూడో మెట్టు మీద కూర్చోబెట్టాడు. అయినా మన కవులు నాగబంధాలూ చక్రబంధాలూ రాస్తూనే ఉన్నారు. నాగబంధంలో పాము మెలికలు తిరిగిన చోట ఒకే అక్షరం రెండు పాదాలకు పనిచేయాలి. ఒక్క కాగితం బిందువు రెండు అవయవాలకు హద్దుగా పనిచేసినట్టే. ఆ పద్యాల్లో చాలావాటిని ఈ రోజు ఎవరూ చదవరు. కారణం నిర్బంధం కాదు. అక్షరాలు గళ్ళలో కూర్చున్నాక, చెప్పడానికి కవి దగ్గర మరేమీ మిగలకపోవడం.

అదే నిర్బంధానికి మరో ఫలితం కూడా ఉంది. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ప్రతి పద్యమూ రామాయణం, భారతం రెండింటినీ మోస్తుంది. అది చిన్న నిర్బంధం కాదు. కానీ ఒకే మాటలోంచి రెండు కథలు లేస్తున్నప్పుడు, ఆ రెండు వంశాల కష్టాలు ఒక్కటేనేమో అన్న ఆలోచన చదువరికి రాక మానదు. అక్కడ నియమమే అర్థాన్ని పుట్టించింది. నేను కాగితపు డ్రాగన్‌ని అడిగేది సరిగ్గా ఇదే. ఒక్క చదరం అన్న నియమం లేకుండా, పదహారు ముక్కలు అతికించి ఇదే బొమ్మ చేస్తే ఏం పోతుంది? ఏమీ పోదని తోస్తే ఆ బొమ్మ చక్రబంధం. ఏదో పోతుందని తోస్తే, పోయేదేదో అదే దాని ప్రాణం.

ఉపయోగం అనే సాకు

ఓరిగామి గురించి చదువుకున్నవాళ్ళతో మాట్లాడితే సంభాషణ రెండు నిమిషాల్లో అంతరిక్షానికి చేరుతుంది. 1995లో జపాన్ ప్రయోగించిన ఉపగ్రహంలో కోర్యో మియురా మడత పద్ధతిని వాడారు. ఆక్స్‌ఫర్డ్‌లో కవోరి కురిబయాషి, జోంగ్ యూ రక్తనాళంలోకి ముడుచుకుని వెళ్ళి లోపల విప్పారే స్టెంటును రూపొందించారు. ఇవన్నీ నిజమే, మంచివే. నా వృత్తికి వాటితో సంబంధం కూడా ఉంది. కానీ స్టెంటు డ్రాగన్‌ని సమర్థించదు. స్టెంటును నాళం తెరుచుకుందా లేదా అన్న ప్రశ్నతో కొలుస్తాం. డ్రాగన్‌ని ఆ ప్రశ్న అడగలేం. ఉపయోగాన్ని చూపించి కళకు గౌరవం అడగడం, ఆ కళకు సొంత విలువ లేదని ముందే ఒప్పుకోవడం. ప్రవాసంలో మన పిల్లలకు ఓరిగామి తరగతులను ‘లెక్కలు బాగా వస్తాయి’ అని అమ్ముతున్నప్పుడు కూడా జరుగుతున్నది ఇదే. లెక్కలు రావచ్చు. పిల్లవాడు మాత్రం డ్రాగన్ కోసం వచ్చాడు.

వైద్యుడిగా ఒక్క చిన్న సంగతి మాత్రం చెప్పాలి. పలచని కాగితాలకు బిగువు రావడానికి వీళ్ళు పూసే మిథైల్ సెల్యులోజ్, మేము మలబద్ధకానికి ఇచ్చే మందు. లేని జంతువులకు కూడా కొంత వైద్యసహాయం అందుతోందన్నమాట.

గండభేరుండం మడిస్తే

కొలబద్ద చెప్పాను గనుక, దాన్ని ఒక సమస్య మీద పెట్టి చూపడం న్యాయం. గండభేరుండాన్నే తీసుకుందాం. అచ్యుతదేవరాయల నాణేల మీద ముక్కులతో, గోళ్ళతో ఏనుగులను పట్టుకుని కనిపించే రెండు తలల పక్షి. రెండు తలలు, రెండు రెక్కలు, రెండు కాళ్ళు, ఒక తోక: ఏడు కొసలు. మూలలు నాలుగే. తలలకు ఏవి ఇవ్వాలి?

ఒక దారిలో రెండు తలలకు రెండు వేర్వేరు మూలలు ఇవ్వవచ్చు. రెండు మెడలూ పొడవుగా, సమానంగా, నిండుగా వస్తాయి. కానీ అవి ఛాతీ దగ్గర కలుసుకున్న రెండు పక్షుల్లా ఉంటాయి. మరో దారిలో ఒకే మూలను తీసుకుని, దాని కొసను రెండుగా చీల్చే మడత వేయవచ్చు. కోత లేకుండా ఇది సాధ్యమే, కాని చీలిన కొసలు రెండూ పొట్టివవుతాయి. మెడలు కురచ. అయితే అప్పుడు చూసేది రెండు పక్షులను కాదు, ఒక పక్షి రెండుగా విడిపోతున్న క్షణాన్ని. కొసల పద్దు ప్రకారం మొదటిది లాభసాటి బేరం. గండభేరుండం అంటే ఏమిటని అడిగితే రెండోది నిజానికి దగ్గర.

ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో వృత్తాల లెక్క చెప్పదు, మెట్ల సంఖ్యా చెప్పదు. ఆ పక్షికి ఉన్నది రెండు ప్రాణాలా ఒకటా అన్న ప్రశ్నకు మడిచేవాడు జవాబు చెప్పుకోవాలి. ఓరిగామి విమర్శ మొదలు కావలసింది అక్కడి నుంచి. ఎంతసేపు పట్టిందని అడిగే ముందు, ఈ మెడ ఏ మూల నుంచి వచ్చిందని అడుగుదాం.